దోరగా వేయించిన విత్తనాలు

మూడు రోజులనించి అశ్విత కుడిచెయ్యి స్కూలు గౌను జేబులోనే ఉంది.

మొదటిరోజు వరదమ్మ పట్టించుకోలేదు. ఆరేళ్ల పిల్ల, గోలీయో చాక్లెట్ కాగితమో దాచుకుని ఉంటుందిలే అనుకుంది. రెండోరోజు ఎడంచేత్తో అన్నం కలుపుకోబోతే వీపుమీద ఒకటి వేసింది. పిల్ల ఏడ్చింది, ముక్కు చీదింది, స్పూను అడిగింది, కుడిచెయ్యి మాత్రం బయటికి తియ్యలేదు. మూడోరోజు, శుక్రవారం సాయంత్రం, "బర్రెకి రెండు పరకలు గడ్డి వెయ్యిమే" అని తల్లి అంటే, "నేను వేస్తే బర్రె చచ్చిపోతాదిమా" అని తేల్చిచెప్పింది.

అప్పుడే పనినించి వచ్చి కాళ్లు కడుక్కుంటున్న రమణయ్య చెంబు కిందపెట్టాడు.

"ఎందుకు చస్తాదమ్మా?"

"నా చెయ్యి మంచిది కాదు నాయనా."

"ఎవురు చెప్పింది?"

"అందరూ. నీ చెయ్యే నాకొచ్చిందంట."

రమణయ్య మళ్లీ చెంబు తీసుకుని, కడిగిన కాళ్లనే ఇంకోసారి కడుక్కున్నాడు. వెంటనే ఏం మాట్లాడాలో తెలియనప్పుడు అతనికి అదొక అలవాటు.

అతని చెయ్యి సంగతి ఇక్కడే చెప్పుకోవాలి. ఆ ఊరు ఉదయగిరికి ఏడు కిలోమీటర్లు. కొండ వానని ఆపుతుందో తరుముతుందో ఇప్పటికీ ఎవరికీ తెలియని ఊరు. అక్కడ పంటంటే చెనక్కాయే, అంటే వేరుశనగ. ఎన్ని ట్రాక్టర్లు వచ్చినా, విత్తే గొర్రులు ఎన్ని రకాలు వచ్చినా, తొలి పిడికెడు విత్తనం మాత్రం చేత్తోనే చాల్లో వేయిస్తారు. అదీ ఎవరంటే వాళ్ల చేత కాదు, మంచి చెయ్యి అని పేరున్న మనిషి చేత. పదకొండేళ్ల కిందట, ఇరవై ఎకరాల ఆసామి రామనారాయణ చేలో తొలి పిడికెడు వెయ్యాల్సిన ముసలామెకి జ్వరమొచ్చింది. గట్టు మీద పార పట్టుకుని నిలబడి ఉన్నాడు కాబట్టి, "నువ్వే వెయ్యరా రమణయ్యా" అన్నారు. రమణయ్య గింజలు దోసిట్లోకి తీసుకుని వాసన చూశాడు. "ఇవి ముక్కిపొయినాయన్నా, ఏడాది దాటిన సరుకు" అన్నాడు. "నాలుగో తరగతి తప్పినోడివి, నీకేం తెలుసురా, గమ్మున వెయ్యి" అన్నారు. గమ్మున వేశాడు. నాలుగెకరాల్లో పదిహేను రోజులకి కూడా ఒక్క సాలు మొలవలేదు.

ముక్కిపోయిన విత్తనం సంగతి ఊరు వారంలో మర్చిపోయింది. రమణయ్య చెయ్యిని మాత్రం మర్చిపోలేదు. విత్తనం అమ్మినవాడికి ఊళ్లో చుట్టాలున్నారు, రమణయ్య చేతికి లేరు. ఆ తర్వాత కూడా అదే చెయ్యి కలుపు తియ్యడానికి పనికొచ్చింది, మందు కొట్టడానికి పనికొచ్చింది, కాయలు పీకి మూటలెత్తడానికి అన్నిటికన్నా బాగా పనికొచ్చింది. విత్తడానికి మాత్రమే పనికిరాలేదు. అందరూ అంటుంటే నవ్వుతూ తిరిగిన మనిషి, నవ్వీ నవ్వీ ఎప్పుడో తానే నమ్మేశాడు. తన రెండెకరాల్లో కూడా గింజలు వరదమ్మే వేస్తుంది. ఇతను గట్టు మీద నిలబడి సాలు వంకరొచ్చిందని సాధిస్తుంటాడు, అంతే.

ఇప్పుడా చెయ్యి పిల్లకి వచ్చిందంటున్నారు.

"ఏం జరిగిందో మొదటినించి చెప్పు" అన్నాడు కూతుర్ని మంచం మీద కూర్చోబెట్టుకుని.

అశ్విత చెప్పింది. జెస్సీ టీచరు ఒకటి, రెండు తరగతుల పిల్లలకి మొక్కల పాఠం చెప్పింది. ఇంటినించి తలా రెండు విత్తనాలు తెమ్మంది. కూల్‌డ్రింక్ సీసాలు సగానికి కోసి, మట్టి నింపి, ఎవరి సీసాలో వాళ్ల చేత వేయించింది. అందరివీ మొలిచాయి. వంశీది అందరికన్నా ముందు మొలిచింది. అశ్వితది ఎనిమిది రోజులైనా మొలవలేదు. అప్పుడు వంశీ చెప్పాడంట, వాళ్లవ్వ చెప్పిందని, రమణయ్య చెయ్యి పడితే పచ్చగడ్డి కూడా మొలవదని, కూతురికి అదే వచ్చిందని. వంశీ అంటే రామనారాయణ మనవడు. వాళ్లవ్వ సుబ్బరత్నమ్మ.

"టీచరు ఏమనింది?"

"అట్టా అనకూడదు అనింది. అని, 'నీది ఎందుకు రాలేదో నాకూ తెల్దు అశ్వితా' అనింది."

వరదమ్మ పొయ్యి దగ్గర్నించి కేకేసింది. "సుబ్బరత్నమ్మ ఇంటి ముందర పోయి అడగతా నేను. ఆమె చెయ్యి ఎంత మంచిదో నాకు తెల్దా? పెట్టిన ఆవకాయ ప్రతేడూ బూజు పడతాది."

"గమ్మునుండు. ఆవకాయ సంగతి ఎందుకిప్పుడు" అన్నాడు రమణయ్య. కానీ ఆ మాట అతనికి కొంచెం హాయిగానే ఉంది.

అన్నం తింటూ ఆలోచించాడు. పెద్దవాళ్ల నోళ్లు మూయించడం పదకొండేళ్లలో చేతకాలేదు. పిల్లల నోళ్లు మూయించడానికి ఒక మొలక చాలు. బస్తాలోంచి విత్తనపు కాయలు నాలుగు వలిచి, గింజలు నీళ్లలో నానేసి, తడిగుడ్డలో చుట్టి, చెంబు కింద మూసిపెట్టాడు. సోమవారానికి తెల్లటి ముక్కు బయటికి వస్తుంది. తెల్లారే పోయి పిల్ల సీసాలో గుచ్చేసి వస్తే, మధ్యాహ్నానికి అశ్విత చెయ్యి మంచి చెయ్యి అయిపోతుంది. మోసమే. కానీ ఊరు తనకి చేసిన దాంతో పోలిస్తే చాలా చిన్న మోసం.

సోమవారం ఏడున్నరకి స్కూలు వరండా ఖాళీగా ఉంది. కిటికీ అరుగు మీద పదమూడు సీసాలు వరసగా ఉన్నాయి. పన్నెండింట్లో చెనక్కాయ మొక్కలు బెత్తెడు లేచి నాలుగేసి ఆకులు విప్పుకుని పొద్దు వైపు వంగి ఉన్నాయి. పదమూడో సీసాలో మట్టి మాత్రమే ఉంది. రోజూ నీళ్లు పోసీ పోసీ పైన పాచి పట్టింది. దానిమీద అంటించిన కాగితంలో అక్షరాలు కూడబలుక్కుని చదివాడు. అ, శ్వి, త. ఎవరూ చూడకపోయినా ఎందుకో చుట్టూ చూశాడు.

జేబులోంచి తడిగుడ్డ తీసి, రెండో చేత్తో సీసాలో మట్టి కెలికాడు. లోపల పాత గింజలు వేలికి తగిలాయి. బయటికి తీశాడు. మెత్తగా కుళ్లాయి, అది సహజమే. కానీ పొట్టు వేలితో రుద్దగానే కాగితంలా ఊడొచ్చింది. లోపల పప్పు తెల్లగా లేదు, గోధుమరంగులో ఉంది. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కుళ్లు కంపు కింద సన్నగా ఇంకో వాసన వచ్చింది. ఆ వాసన అతనికి బాగా తెలుసు. రోజూ పొద్దున్నే తన ఇంట్లో రోట్లోంచి వచ్చే వాసనే.

"ఓరి దేవుడా, పచ్చడి విత్తనాలు" అన్నాడు పైకే.

"పిల్లల సీసాలు ఎందుకు కెలుకుతున్నారు?"

వెనక జెస్సీ టీచరు భుజాన సంచీతో నిలబడి ఉంది. రోజూ ఆత్మకూరులో బస్సెక్కి, ఉదయగిరిలో దిగి, అక్కడినించి షేర్ ఆటోలో తొమ్మిదికి వచ్చే మనిషి, ఆరోజే ముందు బస్సుకి రావాలా? రమణయ్య ఒక గుప్పిట్లో మొలక, ఇంకో గుప్పిట్లో కుళ్లిన గింజలు పట్టుకుని, బళ్లో తప్పు చేసి దొరికిన పిల్లాడిలా నిలబడ్డాడు. ఇదే వరండాలో ఇట్లా నిలబడటం అతనికి కొత్త కాదు. నలభయ్యేళ్ల కిందటి అలవాటు.

"నేను అశ్విత నాయన్ని, టీచరమ్మా."

"అది తెలుసు. చేతిలో ఏముంది?"

రెండు గుప్పిళ్లూ విప్పి చూపించాడు. ఆమె మొలకని చూసింది, అర్థమైంది. కుళ్లినదాన్ని చూసింది, అర్థం కాలేదు.

"ఇవి వేయించినయ్యమ్మా. వేయించిన గింజ యాడ మొలస్తాది?"

"వేయించినవా? విత్తనాలు తెమ్మన్నానే నేను."

"అదే కదా. విత్తనాలు తెమ్మన్నారు, మా ఆడమనిషి విత్తనాలే ఇచ్చింది. ఈ పక్కల విత్తనాలంటే చెనక్కాయ పప్పులేనమ్మా. పచ్చడికి వేసేటియ్యి. పురుగు పట్టకుండా దోరగా వేయించి డబ్బాలో పోసుకుంటాది. పిల్ల పొయ్యి 'మా, టీచరు విత్తనాలు తెమ్మనింది' అంటే, తినేదానికి కాబోలు అనుకోని, పచ్చియ్యి అయితే కడుపునొప్పి వస్తాదని మంచియ్యి ఏరి ఇచ్చుంటాది."

జెస్సీ టీచరు సంచీ అరుగు మీద పెట్టి కూర్చుంది. మొదట నవ్వు ఆపుకోవాలని చూసింది. తర్వాత ఆపుకోలేదు.

"మా అమ్మది గుంటూరు పక్క. మా ఇంట్లో వీటిని పల్లీలంటాం. విత్తనం అంటే విత్తేదే అనుకున్నా నేను. మిగతావాళ్లు?"

"వాళ్లిళ్లల్లో బస్తాల్లోంచి తీసి ఇచ్చుంటారు. మా ఇంట్లోనే జాగ్రత్త ఎక్కువ."

"అయితే తప్పు నాది. ఆ పిల్లది కాదు, వాళ్లమ్మదీ కాదు." ఆమె నవ్వు ఆగింది. "మూడ్రోజులుగా చెయ్యి జేబులో పెట్టుకుని ఎడంచేత్తో రాస్తోంది. ఎంత చెప్పినా వినడం లేదు."

"అందుకే ఈ మొలక తెచ్చినా. గుచ్చేసి పోతా. మీరు చూళ్లేదనుకోండి."

"గుచ్చితే అశ్విత చెయ్యి మంచిదైపోతుంది, సరే. రేపు ఇంకొకరిది మొలవకపోతే? అప్పుడు వాళ్ల చెయ్యి చెడ్డదా?"

రమణయ్యకి ఆ ప్రశ్న నచ్చలేదు. పదకొండేళ్ల కిందట ఇలాంటి ప్రశ్న ఒక్కరైనా అడిగి ఉంటే బాగుండేదనిపించింది, అందుకే నచ్చలేదు.

"మీరే వచ్చి పిల్లలకి చెప్పండి" అంది టీచరు.

"నేనా? నాలుగు తప్పినోణ్ణమ్మా."

"ఒకటీ రెండూ చదివేవాళ్లకి నాలుగు తప్పినాయన చాలు. ఇంటికి పోయి ఆ డబ్బాలోవి కొన్ని, బస్తాలోవి కొన్ని తీసుకుని పదింటికి రండి."

డబ్బా తీస్తుంటే వరదమ్మ అడ్డం వచ్చింది. సంగతి విని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "నేను తినేదానికి అనుకున్నా. రెండే అడిగిందేందబ్బా, టీచరుకి ఇంత పిసినారితనమేందని కూడా అనుకున్నా."

పదింటికి రమణయ్య ఉతికిన చొక్కా వేసుకుని తరగతి గదిలోకి వచ్చాడు. పదమూడు మంది నేలమీద చాప మీద కూర్చుని ఉన్నారు. అశ్విత తండ్రిని చూసి, సంతోషపడాలో భయపడాలో తేలక పక్కపిల్ల వెనక్కి జరిగింది. ముందు వరసలో వంశీ ఉన్నాడు. వాళ్లింట్లో పెద్దలు పిలిచినట్టే పిలిచాడు.

"ఏం రమణయ్యా, ఇట్టొచ్చినావు?"

"ఆయన ఈరోజు మీకు సారు. రమణయ్య సార్ అనాలి" అంది జెస్సీ టీచరు.

"గుడ్ మార్నింగ్ రమణయ్య సార్" అని పదమూడు గొంతులు ఒకేసారి సాగదీశాయి. రమణయ్య వెనక ఎవరైనా వచ్చారేమోనని తిరిగి చూశాడు.

చేతులకి పని చెప్పాడు. చెనక్కాయ ఒకటి తీసి బొటనవేలితో పటుక్కుమని వలిచాడు. గింజ తీసి, పొట్టు రుద్ది, రెండు పప్పులుగా విప్పాడు. రెండిటి మధ్య, ఒక చివర, చిన్న ముక్కులాంటిది ఉంది. దాన్ని పిల్లల మొహాల ముందర తిప్పాడు.

"ఇదేందో చెప్పండి."

"ముక్కు."

"పురుగు."

"చేదుగా ఉంటాది సార్, మా అక్క తీసేసి తింటాది."

"మీ అక్క తీసిపారేసేది బిడ్డనిరా. ఇదే చెట్టు బిడ్డ. ఈ ముందర ఉండేది వేరు, ఈ వెనక ఈకల మాదిరి ఉండాదే, అది ఆకులు. ఇప్పటికే పెట్టుకోని కూచోనుంటాది. మరి ఈ రెండు పప్పులూ ఏంది?"

రెండు పప్పులూ అరచేతిలో పెట్టి చూపించాడు.

"మీ నాయన చేలోకి పొయ్యేటప్పుడు మీ అమ్మ ఏం కట్టిస్తాది?"

"సద్ది."

"అదే. ఈ బిడ్డకి వాళ్లమ్మ కట్టిచ్చిన సద్ది ఇది. మట్టిలోకి పొయ్యినాక అంగడి ఉండదు, అన్నం ఉండదు. ఆకులొచ్చి సొంతంగా వండుకునేదాకా ఈ సద్దే తింటాది. అందుకే మొక్క లేచినాక ఈ పప్పులు ముడుచుకుపోతాయి. మీ సీసాల్లో చూసినారా?"

పన్నెండు మంది లేచి కిటికీ దగ్గరికి పరిగెత్తారు. చూసి వచ్చి, నిజమేనని టీచరుకి చెప్పారు. టీచరు ఆ సంగతి పుస్తకంలో కూడా ఉందంది. కాకపోతే పుస్తకంలో సద్ది అని లేదంది.

"సార్, దానికి దాహం వేస్తాదని గింజకి ఎట్టా తెలుస్తాది?" అని ఒకడు.

"తెల్దు. నీళ్లు తగిలిందాకా నిద్రపోతాది. తగిలితే లేస్తాది. నీ మాదిరే, మొహాన నీళ్లు కొడితేగానీ లెయ్యదు."

"నీళ్లు కొట్టకుండానే లేస్తా సార్."

"లెయ్యడు సార్" అని ముగ్గురు.

ఈలోపు వలిచిన గింజలు ఒక్కొక్కటీ మాయమవుతున్నాయి. విత్తనాల పాఠానికి తెచ్చినవాటిలో సగం ఎక్కడికి పోతున్నాయో కదిలే దవడలే చెబుతున్నాయి. రమణయ్య మిగిలినవి తొడ కింద దాచుకున్నాడు. అప్పుడు డబ్బా మూత తీశాడు. వేయించిన వాసన గదంతా కమ్ముకుంది.

"ఇవి కూడా విత్తనాలే. మా ఇంట్లో విత్తనాలంటే ఇవే. ఇందులో బిడ్డ ఉండాదా?"

ఒకటి విప్పి చూపించాడు. ముక్కు మాడి, ముట్టుకోగానే పొడైపోయింది.

"బాణలి వేడికి బిడ్డ పొయ్యింది. సద్ది మాత్రం మిగిలింది. మనం పచ్చడి నూరుకునేది ఆ సద్దే. అశ్విత సీసాలో వేసింది ఇవి." కూతురి వైపు చూడకుండా డబ్బా మూత పెట్టాడు. "అందుకని మొలవలా. చెయ్యికీ దానికీ సంబంధం లేదు."

వంశీ లేచి నిలబడ్డాడు. వాడికి అబద్ధం ఆడటం ఇంకా రాదు, అదొక్కటే వాడిలో మంచిగుణం.

"మా అవ్వ ఉండాది కదా సార్, మీ చెయ్యి మంచిది కాదనింది. మా చేలో మొలవలేదంట."

టీచరు ఏదో అనబోయింది. రమణయ్య వద్దన్నట్టు తల ఊపాడు. కోపం రాలేదా అంటే వచ్చింది. ఆరేళ్లవాడి మీద చూపించే కోపం కాదు, అంతే.

"మీ అవ్వ చెప్పింది నిజమో కాదో నన్నడిగితే ఏం లాభం? గింజనే అడుగుదాం" అన్నాడు.

టీచరు పదమూడు కొత్త సీసాలు కోసింది. ప్రతి సీసాలో మధ్యన అట్టముక్క అడ్డం పెట్టారు. ఒక పక్క పచ్చి గింజ, ఇంకో పక్క వేయించిన గింజ. అదే మట్టి, అవే నీళ్లు, అదే చెయ్యి. అప్పుడు తేడా వస్తే గింజలోనే ఉందన్నమాట. అశ్విత వంతు వచ్చినప్పుడు కుడిచెయ్యి జేబులోంచి తీసింది. అయిదురోజుల తర్వాత బయటపడిన చెయ్యి కదా, అందరూ దాన్నే చూశారు. రెండు గింజలూ గబగబా వేసి, మట్టి కప్పి, మళ్లీ జేబులో పెట్టేసుకుంది.

"సారు కూడా వెయ్యాల" అన్నాడు వంశీ.

"సార్ కూడా, సార్ కూడా" అని అందరూ పట్టుకున్నారు.

టీచరు పద్నాలుగో సీసా కోసి ముందుకు జరిపింది. రమణయ్య పచ్చి గింజ తీసుకున్నాడు. పదకొండేళ్ల తర్వాత విత్తడానికి పట్టుకున్న గింజ. ఏం ఖర్మ, పిల్లల ఆటకి కూడా ఇంత భయమా అనుకుంటూ, గింజని మట్టిలోకి బొటనవేలితో నొక్కాడు. ఎందుకైనా మంచిదని ఇంకా నొక్కాడు. వేలు రెండు కణుపులదాకా దిగింది. పక్కన వేయించినది వేశాడు. వంశీ పెద్ద కాగితం తీసుకుని, ఆ చివరినించి ఈ చివరిదాకా 'రమణయ్య సార్' అని రాసి, సీసా చుట్టూ గట్టిగా బంక పూసి అంటించాడు. అంత పెద్ద అక్షరాల్లో తన పేరు ఎక్కడా చూసుకోలేదు రమణయ్య.

బయటికి వస్తుంటే అశ్విత వెనకే వచ్చింది.

"నాయనా, నాది మొలిస్తే నా చెయ్యి మంచిదేనా?"

"మంచిదే కదమ్మా."

పిల్ల ఆలోచించింది. "నీది కూడా మొలవాల. నీ చెయ్యే కదా నాకొచ్చింది. నీది మొలవకుంటే, నాది ఏదో ఈసారికి మొలిచినట్టు."

అంత లెక్క దానికి ఎవరు నేర్పించారో తెలియదు.

ఆ వారం అతను స్కూలు ముందునించి తిరిగినన్ని సార్లు ఎప్పుడూ తిరగలేదు. మంగళవారం బర్రె తప్పించుకుందని వచ్చాడు. బుధవారం వాన పడేట్టుంది, సీసాలు లోపల పెట్టమని చెప్పడానికి వచ్చాడు. గురువారం ఏ సాకూ దొరక్క ఊరికే వచ్చి నిలబడ్డాడు. శుక్రవారానికి పిల్లల సీసాల్లో పచ్చి గింజ వైపు మట్టి పగిలి, మెడలు వంచుకుని మొలకలు లేచాయి. పదమూడింటికి పదమూడూ లేచాయి. అశ్వితది కూడా లేచింది. వేయించిన వైపు ఒక్కటీ లేవలేదు.

"నా చెయ్యి కూడా వేయించిన దాని మీద పనిచెయ్యలేదు సార్" అని వంశీ వచ్చి చెప్పాడు. వాడికది నిజంగా ఆశ్చర్యంగా ఉంది.

పద్నాలుగో సీసాలో ఏ వైపూ ఏమీ లేదు.

శనివారం మధ్యాహ్నం బడి వదిలే వేళకి రమణయ్య వచ్చేసరికి పిల్లలందరూ కిటికీ చుట్టూ మూగి ఉన్నారు. మనవణ్ణి తీసుకుపోవడానికి వచ్చిన సుబ్బరత్నమ్మ కూడా వరండా మెట్ల దగ్గర నిలబడి ఉంది. పద్నాలుగో సీసాని చూసి ఏమీ అనలేదు. ఏమీ అనకుండా ఎలా చూడాలో ఆమెకి బాగా తెలుసు.

"ఇంకో రెండ్రోజులు చూద్దాం" అంది జెస్సీ టీచరు, నమ్మకం లేని గొంతుతో.

"ఏం చూడాల్లేమ్మా" అన్నాడు రమణయ్య. "పిల్లలవి మొలిచినాయి, అది చాలు. తీసేసెయ్యండి దాన్ని."

అతను సీసా అందుకోబోయాడు. అశ్విత అడ్డం వచ్చి ఎడంచేత్తో దాన్ని లాక్కుంది.

"టీచర్, అందరి సీసాల్లో లోపల కనిపిస్తాది. నాయన దాంట్లో కనిపించదు."

నిజమే. మిగతా సీసాలకి అంగుళం కాగితం అంటిస్తే, వంశీ గౌరవం కొద్దీ సీసా మొత్తానికీ చుట్టేశాడు. అశ్విత ఒక చేత్తో కాగితం గీకింది. ఊడలేదు. సీసా జారిపోబోయింది. అప్పుడు జేబులోంచి రెండో చెయ్యి తీసి, సీసాని పొట్టకి ఆనించుకుని, కుడిచేతి గోళ్లతో కాగితం చివర పట్టుకుని పర్రుమని లాగింది. రమణయ్య సార్ రెండు ముక్కలయ్యాడు.

ప్లాస్టిక్‌కి ఆనుకుని, పైనించి అడుగుదాకా, తెల్లటి వేరు దిగి ఉంది. అడుగున తగిలి, దారి లేక ఒక చుట్టు తిరిగింది. దాని పక్కలకి వెంట్రుకల్లాంటి పిల్లవేర్లు. గింజ బాగా లోతున, పప్పులు విచ్చుకుని, మెడ వంచి పైకి నెట్టుకుంటోంది. పైన ఇంకా ఒక కణుపు మట్టి ఉంది.

"నాయనా, నీది కిందికి మొలిచినాది" అంది అశ్విత.

పిల్లలు ఒకరి తలలు ఒకరు తోసుకుంటూ చూశారు. జెస్సీ టీచరు మోకాళ్ల మీద కూర్చుని చూసింది. "అందరివీ ముందు కిందికే మొలుస్తాయిరా. వేరు దిగినాకే ఆకు లేచేది. మనకి కనపడేది పైనది కాబట్టి అదే మొలక అనుకుంటాం" అని చెబుతూ, తనకే ఆ మాట నచ్చి ఆగిపోయింది.

"సారు మరీ లోతు వేసేసినారు, అందుకే ఆలస్యం" అని వంశీ తేల్చేశాడు. "అవ్వా, చూడు, సారుది అందరికన్నా పెద్ద వేరు. నాది ఇంత లేదు."

సుబ్బరత్నమ్మ చూడక తప్పలేదు. చూసి, "సీసాలో మొలిచినంత మాత్రాన చేలో మొలస్తాదా ఏంది" అని మనవడి చెయ్యి పట్టుకుంది.

"ఎందుకు మొలవదవ్వా? వేయించకుండా వేస్తే మొలస్తాది" అని వాడు దారి పొడుగునా ఆమెకి పాఠం చెబుతూ పోయాడు. బిడ్డ, సద్ది, బాణలి అన్న మాటలు మలుపుదాకా వినిపించాయి.

రమణయ్య కళ్లు తుడుచుకోవడానికి పంపు దగ్గరికి పోయి, శుభ్రంగా ఉన్న కాళ్లు కడుక్కున్నాడు. తిరిగి వచ్చేసరికి అశ్విత రెండు చేతులతోనూ సీసా ఎత్తి ప్రతి పిల్లకీ చూపిస్తోంది. జేబు సంగతి దానికి గుర్తులేదు. టీచరు ఏదో చెప్పబోతే రమణయ్య వేలు పెదవుల మీద పెట్టుకున్నాడు.

బుధవారానికి వాన పడి నేల పదును బాగా కుదిరింది. రెండెకరాల్లో ట్రాక్టర్ చాళ్లు తోలిపోయింది. ఏటా చేసినట్టే వరదమ్మ కొంగులో విత్తనం పోసుకుని నడుముకి ముడేసుకోబోయింది.

"ఇట్టియ్యి" అన్నాడు రమణయ్య.

ఆమె అతని మొహంలోకి చూసి, మాట్లాడకుండా దోసెడు గింజలు అతని చేతుల్లో పోసింది. మాట్లాడకుండా ఎంతసేపు ఉంటుంది, రెండో అడుగులోనే అందుకుంది. "పైపైన వెయ్యి. నీ సీసా మాదిరి పాతాళంలోకి నొక్కబాక."

"నాకు చెప్పొచ్చినావా. పచ్చియ్యేనా ఇయ్యి? డబ్బాలోయి ఏమన్నా కలిపినావా?"

"కలిపినా. సగం పచ్చడి కాస్తాది."

అశ్విత ఇద్దరి మధ్యలో నడుస్తూ తన గుప్పిట్లోవి ఒక్కొక్కటే చాల్లో వేసింది. ప్రతి గింజనీ వేసేముందు, బిడ్డ కిందికి ఉందా పైకి ఉందా అని తిప్పి తిప్పి చూసుకుంటూ ఒక్క సాలుకి గంట పట్టించింది. ఎట్లా పడ్డా వేరు కిందికే తిరుగుతుందని రమణయ్య చెప్పినా వినలేదు. అతను కూడా గట్టిగా చెప్పలేదు.

ఆ ఏడాది కూడా రామనారాయణ తన చేలో తొలి పిడికెడుకి వేరే ఊరినించి ఎవరినో ఆటోలో పిలిపించుకున్నాడంట. ఆ సంగతి రమణయ్యకి నాలుగు రోజుల తర్వాత ఎవరో చెబితేగానీ తెలియలేదు. విని, "అట్టనా" అన్నాడు. అతను ఆ పొద్దున తన చేలో మోకాళ్ల మీద కూర్చుని, పగులుతున్న మట్టిని చూస్తూ ఉన్నాడు. పెళ్లగించి చూద్దాం నాయనా అని పిల్ల బతిమాలుతుంటే దాని రెండు చేతులూ గట్టిగా పట్టుకుని ఉన్నాడు.